తోడు కూర్చున్నవాడు

అతన్ని అందరూ నిదానం అనేవారు. అసలు పేరు సెలూన్ బోర్డు మీద ఉండేది. ఎండకు వెలిసిపోయింది. మళ్ళీ రాయించలేదు.

ఆ పేరు పెట్టింది భార్యే. పక్క గదిలో ఆమెది ఇస్త్రీ బల్ల. రెంటికీ మధ్య గోడ ఉంది గానీ పైకప్పు దాకా లేదు. ఇస్త్రీ పెట్టె నడుపుతూనే ఆమె గోడ మీదుగా మాట విసిరేది.

“నిదానమే ప్రధానం అంటారు. ఈయనకి ప్రధానమంటూ ఏదీ లేదు. ఉన్నదంతా నిదానమే.”

కుర్చీలో ఉన్నవాళ్ళు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు.

తల చేతికి వచ్చాక వెంటనే కత్తెర తీసేవాడు కాదు. సుడి ఎటు తిరిగిందో, వెంట్రుక ఎటు వాలుతోందో వేళ్ళతో నిమిరి చూసేవాడు. వెనక్కి ఒక అడుగు వేసి అద్దంలో చూసేవాడు.

“ఏం బాబాయ్, పెళ్ళిచూపులా? కత్తిరించు.”

“చూడనీరా. నీ నెత్తి మీద ఏముందో నీకు తెలీదుగా.”

“ఉన్నవే నాలుగు వెంట్రుకలు.”

“నాలుగుంటేనే కష్టం. బోలెడుంటే ఒకటి తప్పినా ఎవడికీ తెలీదు. కదలకు.”

ఒకప్పుడు ఆ చేతులు వణికేవి. లేవగానే తాగితే తప్ప కత్తెర పట్టలేని కాలం అది. జుట్టు కోసం ఒకరిద్దరు వచ్చేవారు గానీ గడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. కత్తి కింద గొంతు పెట్టాలంటే ఎవరికైనా భయమే. భార్య ఇస్త్రీతోనే ఇల్లు నడిచేది.

అలాంటి ఒక ఉదయం, కొత్తగా సంఘానికి వచ్చిన పాస్టరుగారు లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. తల వెనక్కి వాల్చారు.

“గీయవయ్యా.”

“నా చెయ్యి బాగోలేదండి.”

“నా గొంతు బాగానే ఉంది. గీయి.”

దవడ కింద తెగింది. అతను పటిక ముక్క రుద్ది రక్తం ఆపాడు. పాస్టరుగారు అద్దంలో చూసుకుని వందనాలు చెప్పి వెళ్ళిపోయారు. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. తాగడం గురించి ఒక్క మాటా అనలేదు. వచ్చి గొంతు చాచి కూర్చునేవారు, అంతే. ఆ గొంతు మీద తాగిన చెయ్యి పెట్టడం కంటే తాగకపోవడమే తేలిక అని ఒకరోజు అతనికి అనిపించింది.

దవడ కింద సన్నటి గీత మాత్రం మిగిలిపోయింది. ప్రసంగం మధ్యలో పాస్టరుగారు అప్పుడప్పుడు దాన్ని వేలితో చూపించేవారు. “మీరు నోటితో సాక్ష్యం చెప్తారు. మన నిదానం కత్తితో చెప్పాడు.” సంఘమంతా నవ్వేది. కిటికీ పక్క బెంచీలో నిదానం తల దించుకునేవాడు, సంతోషంతో.

ఆ సంఘంలో ఒక పాత పద్ధతి ఉంది. నాయకుడు ఎవరైనా తప్పు చేస్తే వేదిక దిగి, ఏడాది పాటు చివరి బెంచీలో కూర్చోవాలి. ఒంటరిగా కాదు. పక్కన ఒకరు కూర్చోవాలి. ఆ మనిషి చుట్టం కాకూడదు, పెద్దల్లో వాడు కాకూడదు. అతన్ని తోడు అనేవారు. మొదటి తరంలో ఒక మంత్రసాని పెట్టిన పద్ధతి అది. “పడ్డవాణ్ణి నిలబడి చూసేవాళ్ళకి కొదవ లేదు. పక్కన కూలబడేవాడు ఒకడు కావాలి” అని ఆమె అన్నదని చెప్పుకునేవారు. ఏడాది చివర పెద్దలు తోడుని పిలిచి అడుగుతారు. అతను రెండింటిలో ఒకటి చెప్పాలి. “లేవచ్చు.” లేదా, “ఇంకా లేదు.” ఎందుకని పెద్దలు అడగకూడదు. ఇప్పటిదాకా ఏ తోడూ “ఇంకా లేదు” అనలేదు.

పాస్టరుగారు ఆ బెంచీకి రావడానికి కారణం ఇది.

సంఘంలో పాటలు నేర్పే అమ్మాయి ఒకతె ఉండేది. గడియారాలు బాగుచేసే ఆయన కూతురు. పాటల సాధన అయ్యాక పాస్టరుగారు ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. తర్వాత ఫోన్లో మాటలు పంపారు, ఒక సంఘ కాపరి పంపకూడని మాటలు. ఆమె పెద్దల దగ్గరికి వెళ్ళి చెప్పింది. పెద్దలు పాస్టరుగారిని అడిగారు. ఆయన లేదన్నారు. ఆ ఆదివారం చేతిలో వాక్యగ్రంథం పట్టుకుని, మైకు ముందు నిలబడి, సంఘంలో ఒక అబద్ధాలకోరు చేరిందని, దేవుని సేవకుడి మీద నోరు పారేసుకుంటోందని చెప్పారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అన్ని తలలూ ఒకే బెంచీ వైపు తిరిగాయి. గడియారాలాయన కూతుర్ని లేపి, చెయ్యి పట్టుకుని, నడవ మధ్య నుంచి బయటికి తీసుకెళ్ళాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

కొన్ని నెలలకు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అదే సంగతి చెప్పారు. ఈసారి కాదనడానికి వీల్లేకపోయింది. పాస్టరుగారు వేదిక మీద మోకాళ్ళూని ఏడ్చారు. “నేను బలహీనుణ్ణి. పడిపోయాను. నన్ను క్షమించండి” అన్నారు. సంఘమంతా ఏడ్చింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. నిదానం అందరికంటే ఎక్కువ ఏడ్చాడు.

తోడుగా ఎవరు కావాలని పెద్దలు అడిగితే, నిదానం కావాలన్నారు పాస్టరుగారు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. అతని మొహం వెలిగిపోతోంది.

“ఇంతమందిలో నన్నడిగారే!”

“నిన్నే ఎందుకడిగారో తెలుసా?”

“నమ్మకం.”

“నువ్వు కాదనలేవని నమ్మకం” అంది ఆమె, చొక్కా చేతిని మడత పెడుతూ.

అతను అప్పటికే ఆదివారం చొక్కా వెతుక్కుంటున్నాడు.

ఏడాది పాటు ప్రతి ఆదివారం చివరి బెంచీలో కూర్చున్నాడు. అక్కడి నుంచి అందరి వెనక మెడలే కనిపించేవి. మగవాళ్ళవన్నీ అతను గీసిన మెడలే. ఎవరికి ఎప్పుడు పని పడుతుందో చూసుకుంటూ ఉండేవాడు. పాస్టరుగారు నెమ్మదిగా ఉండేవారు. పాటలకు పెదవులు కదిపేవారు. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల వచ్చినప్పుడు పళ్ళెం ఆయన ముందు ఆగకుండా వెళ్ళిపోయేది. నిదానం కూడా తీసుకునేవాడు కాదు. తోడు తీసుకోకూడదని నియమమేమీ లేదు. పక్కనున్న మనిషికి లేనిది నమలడం అతనికి చేతకాలేదు.

అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, ఎప్పుడూ కూర్చునే మధ్య బెంచీలోనే కూర్చునేది. పక్కన ఖాళీ చోట తన చేతిసంచి పెట్టుకునేది.

కొత్తగా వచ్చి ప్రసంగించేవాళ్ళు సరిగా చెప్పేవారు కాదు. ఒకాయన నిద్రపుచ్చేవాడు, ఒకాయన అరిచేవాడు. “మన అయ్యగారు ఎప్పుడెక్కుతారో” అని సెలూన్‌లో అందరూ అనేవారు. “అంతా నీ చేతిలో ఉంది నిదానం. ఒక్క మాట. ఈ ఒక్కసారైనా తొందరగా కానివ్వు.” అతను సరేననే అనుకున్నాడు. చెప్పడానికి ఇంకేముంది గనక?

ఏడాది చివరికొచ్చేసరికి, ఒక ఉదయం బజారులో గడియారాలాయన ఎదురయ్యాడు. చూడనట్టు దాటిపోయాడు. నిదానం వెనక్కి తిరిగి ఆయన మెడ చూశాడు. గీత వంకరగా ఉంది. కుడివైపు మెట్టు పడింది. సెలూన్‌లో పని కాదు అది. ఇంట్లో ఎవరో, చెయ్యి తిరగనివాళ్ళు, భయం భయంగా కత్తిరించినది. కూతురే అయ్యుండాలి.

ఆ మెడ అతన్ని వదల్లేదు. గడియారాలాయన చివరిసారి సెలూన్‌కి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే వెళ్ళిపోయిన రోజు గుర్తొచ్చింది. ఆ ప్రసంగం తర్వాత వారంలో ఆయన వచ్చి బల్ల మీద కూర్చుని తన వంతు కోసం చూస్తున్నాడు. కుర్చీలో ఉన్నవాడెవడో పాటల పిల్ల మీద ఒక జోకు వేశాడు. నిదానం కత్తెర ఆపి నవ్వాడు. వెనక ఎవరున్నారో మర్చిపోయి కాదు. అద్దంలో కనిపిస్తూనే ఉన్నాడు ఆయన. అయినా నవ్వాడు.

మర్నాడు సెలూన్ గోడ మీది గడియారం దింపి చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

“ఎక్కడికి?” అంది భార్య.

“బాగు చేయించాలి.”

“బాగానే నడుస్తోందిగా!”

“నడుస్తోంది.”

గడియారాల దుకాణం ఒక మనిషి పట్టేంత. ఆయన కంటికి అద్దం పెట్టుకుని గడియారం వెనక మూత విప్పాడు. కాసేపు చూశాడు.

“దీనికేం రోగం లేదు.”

“ఆగిపోతోందండి.”

“ఆగిపోలేదు. ఆపి తెచ్చావు.”

ఆయన మూత బిగిస్తున్నాడు. మర బిగిసేదాకా ఆగితే ఇక చెప్పలేనని నిదానానికి తోచింది.

“ఆ రోజు నవ్వాను.”

“అవును. నవ్వావు.”

“తప్పు.”

“అవును.”

ఆయన పర్లేదనలేదు. గడియారం తిప్పి ముళ్ళు సరిచేశాడు. తర్వాత, తల ఎత్తకుండానే, “మీ అయ్యగారు లేచే రోజు దగ్గరపడిందట కదా” అన్నాడు.

“వచ్చే ఆదివారం అడుగుతారండి నన్ను.”

“లేపుకోండి. మాకేం.”

“మీరు ఒక మాట ఏదైనా… ఆయన్ని మీ ఇంటికి రమ్మంటే…”

“గుమ్మం ఎక్కొద్దు.” ఆయన కంటి అద్దం తీసేశాడు. “మా అమ్మాయి ఎవరి ఏడుపూ అడగలేదయ్యా. ఏడిస్తే మళ్ళీ ఈ పిల్లే ఓదార్చాలి. అది అడిగింది ఒక్కటే. అబద్ధాలకోరు అని ఎక్కడన్నాడో అక్కడే నిలబడి, ఆ పిల్ల నిజం చెప్పింది అనమంది. నాలుగు మాటలు. ఏడాది దాటింది. ఒక్క నోరు రాలేదు. ఇంట్లో పాట లేదు. ఈ టిక్కుటిక్కులే.”

నిదానం గడియారం మోసుకుంటూ వెనక్కి నడిచాడు. దారంతా పాస్టరుగారు వేదిక మీద ఏడ్చిన రోజు తల్చుకున్నాడు. బలహీనుణ్ణి అన్నారు. పడిపోయానన్నారు. క్షమించమన్నారు. ఆ నాలుగు మాటలు మాత్రం అనలేదు. అనలేదన్న సంగతి అప్పుడు తనకే తట్టలేదు, సంఘానికీ తట్టలేదు. ఏడుపులో కొట్టుకుపోయింది.

“లేవచ్చు” అంటే తనకు మళ్ళీ బతుకునిచ్చిన మనిషి వేదిక ఎక్కుతాడు. “ఇంకా లేదు” అంటే ఆ మనిషి ముందు ఇక తలెత్తలేడు.

“ఏం చెప్పమంటావే?” అని శనివారం సాయంత్రం గోడ మీదుగా అడిగాడు.

“నన్నడక్కు. తోడు కూర్చున్నది నేను కాదు.” ఇస్త్రీ పెట్టె బల్ల మీద పెట్టిన చప్పుడైంది. “అయినా ఇన్నేళ్ళలో ఏ పనీ తొందరగా చేసి ఎరగవు. దీనికెందుకు తొందర?”

ఆదివారం ఆరాధన అయ్యాక వేదిక వెనక గదిలో పెద్దలు కూర్చున్నారు. పాస్టరుగారు కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ రోజు మంచి తెల్ల చొక్కా వేసుకున్నారు. అది నిదానం భార్య ఇస్త్రీ చేసిందే.

పెద్దల్లో పెద్దాయన నవ్వుతూ అడిగాడు. “నిదానం, అడగాలి కాబట్టి అడుగుతున్నాం. నీ మాట?”

“ఇంకా లేదండి.”

కుర్చీ ఒకటి కిర్రుమంది. “సరిగా విన్నావా నాయనా? అయ్యగారు లేవచ్చా అని…”

“విన్నానండి. ఇంకా లేదు.”

“అదేంటయ్యా, ఎందు…” అని ఇంకొకాయన మొదలుపెట్టి ఆగిపోయాడు. ఎందుకని అడగకూడదు. పాస్టరుగారు కిటికీ వైపు తిరిగిపోయారు. దవడ కింది గీత ఎర్రబడింది.

మర్నాడు పొద్దున్నే ఆయన సెలూన్‌కి వచ్చారు. బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆయన మొహం చూసి, పని గుర్తొచ్చిందంటూ లేచి వెళ్ళిపోయారు. గోడవతల ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది.

ఆయన కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చారు. నిదానం గుడ్డ కప్పి, సబ్బు నురగ రాసి, కత్తి తీశాడు. చాలా ఏళ్ళ తర్వాత చెయ్యి వణికింది.

“మళ్ళీ మొదలైందే” అన్నారు పాస్టరుగారు, కళ్ళు మూసుకునే.

“తాగలేదండి. భయంగా ఉంది.”

“ఈ గొంతు నీ చేతిలో పెట్టాను నేను. గుర్తుందా?”

“రోజూ గుర్తే.”

“మరి ఎందుకన్నావు? పెద్దలు అడగకూడదు. నేనడగొచ్చు.”

నిదానం కత్తి పక్కన పెట్టాడు. ఇది కత్తి పట్టుకుని చెప్పే మాట కాదు.

“మీరు బలహీనుణ్ణి అన్నారు. మేమంతా ఏడ్చాం. ఆ పిల్ల అబద్ధాలకోరు అన్న మాట మాత్రం ఇంకా అక్కడే ఉందండి, మైకు దగ్గర. ఎవరూ తియ్యలేదు.”

“వాళ్ళింటికి వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“గుమ్మం ఎక్కొద్దన్నారు వాళ్ళ నాన్న. ఎక్కడన్నారో అక్కడే అనమంది ఆ పిల్ల. నిజం చెప్పింది అని. అంతే.”

పాస్టరుగారు కళ్ళు తెరిచి పైకప్పు చూశారు. మొహం మీద నురగ ఆరిపోతోంది.

“నీకర్థం కాదు నిదానం. బలహీనత అంటే జనం క్షమిస్తారు. వాళ్ళకీ ఉంటుంది. వాక్యం చేత్తో పట్టుకుని అబద్ధమాడానంటే? ఇన్నేళ్ళు చెప్పినదాంట్లో ఏది నిజమని అడుగుతారు.”

“అడుగుతారండి.”

“అప్పుడేం చెప్పను?”

“నాకు తెలీదండి.”

“ఇక నన్నెవరూ ఆ మెట్లెక్కనివ్వరు.”

నిదానం నురగ మళ్ళీ కలిపి, ఆరిన చోట రాశాడు. ఈసారి చెయ్యి నిలబడింది. పాత గీత దగ్గరికి వచ్చినప్పుడు చర్మాన్ని బొటనవేలితో సాగదీసి, దాని పక్క నుంచి నెమ్మదిగా దాటించాడు. పాస్టరుగారు మొహం తుడుచుకుని, వందనాలు చెప్పకుండా వెళ్ళిపోయారు.

వచ్చే ఆదివారం ఆయన రారేమో అనుకున్నాడు. ఆ సంఘంలో లేకపోతే ఇంకో సంఘం. ఆయన గొంతుకి వేదిక ఇచ్చేవాళ్ళు తక్కువేం కాదు, అలా వెళ్ళిపోయినవాళ్ళ కథలు అందరికీ తెలుసు. ఆ ఆదివారం నిదానం ముందే వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు. పాట మొదలయ్యాక ఆయన వచ్చారు. పక్కన కూర్చున్నారు. ఇస్త్రీ చేయని చొక్కా వేసుకున్నారు.

సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. ఎవరికో జ్వరం తగ్గింది, ఎవరికో ఉద్యోగం వచ్చింది. తర్వాత పాస్టరుగారు లేచారు. నడవ మధ్య నుంచి ముందుకు నడిచి, మెట్లెక్కి, మైకు ముందు నిలబడ్డారు. మోకాళ్ళూనలేదు. ఏడవలేదు.

“ఈ చోటే నిలబడి ఒకమ్మాయిని అబద్ధాలకోరు అన్నాను. ఆ అమ్మాయి నిజం చెప్పింది. అబద్ధమాడింది నేను. ఈ పుస్తకం చేతిలో పట్టుకుని ఆడాను.”

దిగి వచ్చేశారు.

ఈసారి ఎవరూ ఏడవలేదు. పాట ఎత్తుకోలేదు. ఒక కుటుంబం లేచి బయటికి వెళ్ళిపోయింది. ముందు బెంచీల్లో ఎవరో “ఇప్పుడెందుకు తవ్వడం” అన్నారు, అందరికీ వినబడేలా. పెద్దాయన తల పట్టుకున్నాడు. గడియారాలాయన బెంచీలో ఇంకెవరో కూర్చున్నారు. ఆ మాటలు వినాల్సినవాళ్ళు అక్కడ లేరు.

పాస్టరుగారు చివరి బెంచీ దగ్గరికొచ్చి నిలబడ్డారు. కూర్చోవడానికి వంగుతుంటే నిదానం మెల్లగా అన్నాడు.

“లేవచ్చండి.”

ఆయన చూశారు.

“పెద్దలు అడగలేదు కదా.”

“వాళ్ళు ఇక అడగరండి. నేను చెప్తున్నాను.”

ఆయన వేదిక వైపు చూడలేదు. మధ్య బెంచీ దగ్గరికి వెళ్ళారు. అమ్మగారు తల ఎత్తలేదు. పక్కనున్న చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ఆ ఖాళీలో కూర్చున్నారు.

పెద్దలు వేరే పాస్టరుని వెతుక్కున్నారు. పాత పాస్టరుగారు ఒక గోదాములో సరుకు దింపించే పనిలో చేరారు. ఆదివారాలు ఆ మధ్య బెంచీకే వచ్చేవారు. నిదానం కిటికీ పక్కకి, తన పాత చోటుకి వెళ్ళిపోయాడు. సెలూన్‌కి కొందరు రావడం మానేశారు. “మంచి కాపరిని పోగొట్టావు” అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. నిజంగానే మంచి ప్రసంగాలు పోయాయి. ఆ గొంతంటే అతనికీ ఇష్టమే.

ఒకరోజు పొద్దున్న గడియారాలాయన గుమ్మంలో నిలబడ్డాడు. గోడవతల ఇస్త్రీ పెట్టె ఆగింది. ముందు గోడ గడియారం వైపు చూశాడు.

“సరిగానే నడుస్తోందా?”

“మీ చెయ్యి పడ్డాక ఇంకేం.”

“నా చెయ్యి పడలేదు. మూత తీసి మూత పెట్టానంతే.” కుర్చీలో కూర్చున్నాడు. “మా అమ్మాయి బాగానే కత్తిరిస్తుంది. వెనకే కాస్త.”

“కనిపిస్తోందండి.”

“ఊరంతటికీ కనిపిస్తోందా?”

“నాకు.”

నిదానం గుడ్డ కప్పాడు. తల ముందుకు వంచి, వంకర గీతని వేలితో తడిమాడు. ఎంత తీస్తే సరవుతుందో చూసుకున్నాడు. తర్వాత, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాడు.

“వస్తుందాండి?”

“రాదు.”

“ఆ మాట చెప్పారు, తెలిసిందా?”

“తెలిసింది. ఎవరో ఫోన్ చేసి చెప్పారు. విని ఊరుకుంది.” ఆయన తల వంచుకునే, “మొన్న వంటింట్లో ఏదో పాడింది” అన్నాడు. “మన పాట కాదులే. సినిమా పాట.”

“రాగం తప్పలేదుగా?”

“అది తప్పదయ్యా!” ఆయన గర్వంగా వెనక్కి తిరగబోయాడు.

“కదలకండి” అన్నాడు నిదానం.

గోడవతల ఇస్త్రీ పెట్టె మళ్ళీ కదిలింది.